రెండో ప్రూఫు

మట్టెవాడల మా ప్రెస్సు.
పొద్దంత పెండ్లి కార్డులు, దశదినకర్మ చీటీలు,
చిట్‌ఫండు రసీదు బుక్కులు.
ఫిబ్రవరి ఆఖరున ఒక ఆటో అతను
గోనెసంచిల చుట్టిన మూడు పద్దు పుస్తకాలు దించిపోయిండు.
తెరిచిన. తుమ్మిన.
ఎనుమాముల మార్కెట్ల, కాంటా పక్కన కూసోని రాసిన నవల.

బస్తాలు, బరువు, తరుగు అని కొట్టిన గళ్ళ మీదికెల్లి
కథ అడ్డంగ నడిచిపోయింది.
కోల్డ్ స్టోరేజీల శవం,
పదకొండో గదిల, తేజ రకం బస్తాల నడుమ.
విచారణకొచ్చిన ఎస్సై ఈశ్వరి
రాత్రయితె కాజీపేట రైల్వే క్వార్టర్సుల
నర్సు ఎస్తేరు డ్యూటీ దిగి వచ్చేదాక
మెట్ల మీద కూసుంటది.
చంపిందెవరో నూట పదో పేజీ దాక
నాకూ దొరకలే.

సేటు అడిగిండు: "అట్ట మీద ఏమని వెయ్యాలె?
ప్రేమ నవలనా, క్రైమా, సిటీ కథనా?"
అన్నీ ఒక్క బస్తాలనే ఉన్నయి సేటూ, అన్న.
"గట్లైతే తరుగు తియ్యాలె" అని నవ్విండు.

తరుగు రాసినోళ్ళే తీసుకున్నరు.
(పేరు తెల్వదు, అందుకే "రు" అంటున్న.)
మూడో అధ్యాయం కాడికెల్లి ఎర్ర పెన్ను.
ఈశ్వరికి గుడి తీసేసి పొల్లు పెట్టిన్రు.
ఆమె కొట్టేసి అతను.
చెయ్యి వణికిన కాడ మాత్రం కొన్ని మిగిలినయి:
ఈశ్వర్ టోపీ తీసి జడ విప్పుకున్నడు.
ఈశ్వర్ పట్టీలు ఊడదీసి జేబుల వేసుకున్నడు,
మెట్ల మీద చప్పుడు గావద్దని.

మన భాషల మనిషి
పేరు వెనుక దాగినా క్రియ చివర దొరుకుతది.
వచ్చిండు. వచ్చింది.
ఒక్క మీట నొక్కితె అతను అంత ఆమె అయితది గాని
తోకలు ఒక్కొక్కటి చేత్తోని మార్చాలె.
ఎనిమిది రాత్రులు మార్చిన.
ఎవరు చెయ్యమన్నరు? ఎవరూ అనలే.

నీ పెండ్లి కార్డు కొట్టింది గూడ
ఈ కంప్యూటర్ మీదనే, యాదికున్నదా.
చి. ఒక దిక్కు, చి.ల.సౌ. ఒక దిక్కు.
నీ పేరు ఏ దిక్కున్నదో ఇక్కడ చెప్ప.
నేను అంటె ఆడ గాదు, మగ గాదు.
నువ్వు అన్నా గంతే.
వచ్చిన, వచ్చినవ్, కూసున్నం.
వడ్డేపల్లి కట్ట మీద రెండు ఎండకాలాలు
ఆ మాటల్లనే బతికినం.
మూడో మనిషి నోట్లె పడ్డంకనే
మనకు తోకలు మొలిచినయి.
కార్డు మూలకు నెమలి కావాలన్నవ్. పెట్టిన.
వంద కార్డులు ఉత్తగనే ఇచ్చిన.

సరే. నవల సంగతి.
రెండు ప్రూఫులు తీసిన.
ఒకటి ఎర్ర పెన్ను చెప్పినట్టు,
ఒకటి ఎర్ర పెన్ను కింద ఉన్నట్టు.
"ఏది మీదైతె అది దిద్ది పంపుండ్రి" అని చీటి.
కవరు మీద కాంటా నంబరు ఏడు అని రాసిన.

వారమైంది. పది రోజులైంది.
రేటు పడ్డదని రైతులు గేటు కాడ బైఠాయించిన్రు,
ఆటో రాలే.
అప్పుడు పట్టుకున్నది నాకు భయం:
ఇంకొకరి తలుపు
బయటికెల్లి తీసిన్నా ఏంది అని.
సేటుకు చెప్పలే. అన్నం సయించలే.

ఉగాది పోయినంక కవరొచ్చింది.
మొదటి ప్రూఫు లేదండ్ల.
రెండోదే.
నూట నలభై రెండు పేజీలు, ఒక్క గీత లేదు,
ఉత్తరం లేదు, పేరు లేదు,
అదే ఘాటు.
తొంభై ఆరో పేజీల, కరెంటు పోయిన మెట్ల మీద
ఎస్తేరు ఈశ్వరి దిక్కు వంగిన కాడ
ఎర్ర పెన్నుతోని చిన్న సున్న చుట్టి
పక్కన రాసిన్రు:
"ముదు అని పడ్డది. ద కింద ఒత్తు రాలే. చూడుండ్రి."

చూసిన.
ఒత్తిన.